వేడెక్కకుండానే

పదకొండో లాప్‌టాప్ అడుగు మూత ఊడేసరికి అక్కయమ్మ బొటనవేలి గోరు కింద బూడిదరంగు పేస్టు మళ్ళీ చేరింది. ఆమె తుడుచుకోలేదు. సాయంత్రం దాకా అది చేరుతూనే ఉంటుంది. ప్రాసెసర్ మీద సున్నంలా ఎండిపోయిన పాత పేస్టును స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒకే వైపుకు తుడిచింది. ముందుకూ వెనక్కూ రుద్దితే మురికి మళ్ళీ అంటుకుంటుందని ఎవరూ నేర్పలేదు, మూడేళ్ళలో గుడ్డే నేర్పింది. గోరంత చదరం అద్దంలా మెరిసింది. దాని నడిమధ్య పెసరగింజంత కొత్త పేస్టు పెట్టి, రాగి గొట్టం ఉన్న రేకును పైన దించి, నాలుగు మరలనూ మూలకు మూలగా బిగించింది.

చందాపుర దాటి అత్తిబెలె వైపు పోతుంటే హైవేకు కొంచెం లోపలగా ఉంటుంది ఆ షెడ్డు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలించుకున్న లాప్‌టాపులు అక్కడికి లారీల్లో వస్తాయి. శుభ్రపడి, కొత్త పెట్టెల్లో కూర్చుని మళ్ళీ అమ్మకానికి పోతాయి. ఆ రెంటికీ మధ్య ప్రతి యంత్రమూ ఒకసారి అక్కయమ్మ చేతిలో పడుతుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టిగా, ఎముక సన్నంగా ఉంటుంది. చీర మీద కంపెనీ ఇచ్చిన నీలం కోటు మోకాళ్ళ దాకా వేలాడుతుంది. కుడి ముంజేతి మీద అడ్డంగా ఒక తెల్లటి మచ్చ. ఈ పనిలోకి రాకముందు తొమ్మిదేళ్ళు ఆమె గార్మెంట్స్‌లో నిలబడి ఇస్త్రీ చేసింది. ఇక్కడ కుర్చీ ఉంది. చేరిన రోజున ఆ కుర్చీ ఎత్తును తన కాళ్ళు నేలకు ఆనేలా దించుకుంది. ఇంతవరకూ ఎవరూ దాన్ని మళ్ళీ పైకి లేపలేదు.

మూత బిగించాక యంత్రాన్ని పరీక్ష బల్ల మీదికి జరిపి, ఆ బల్లకే కట్టి ఉంచిన ఛార్జర్ గుచ్చింది. తెర మీద ప్రోగ్రామ్ ఒకటి తెరుచుకుంది. అది ప్రాసెసర్ చేత ఊపిరాడనీయకుండా పని చేయిస్తూ, ఆ సమయంలో దాని వేగమెంతో మూలన అంకెల్లో చూపిస్తుంది. పెట్టె మీద అంటించే చీటీలో 4.2 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. తెర మీద 4.1 వచ్చింది. అర నిమిషం అక్కడే ఊగింది. తర్వాత 3.4. ఆ తర్వాత 2.9, 2.7. అక్కడ సర్దుకుని కూర్చుంది.

అలా దిగడం చూడటం అక్కయమ్మకు ఇష్టం. ఎందుకిష్టమో ఆమె ఆలోచించుకోలేదు. చీటీలో ఒకటి రాసి, తెర మీద ఇంకొకటి చూపడం అబద్ధం కాదా అన్న సందేహం మాత్రం చాలా కాలం ఉండింది. ఎనిమిది నెలల కింద కౌశల్ అనే కొత్త సూపర్‌వైజర్ వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగింది.

కౌశల్‌ది జగిత్యాల వైపు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఏసీ పడక ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ ఉంటాడు. "చీటీల రాసేది అది కొట్టగలిగే టాప్ స్పీడ్ అక్కా," అన్నాడు. "అది గూడ కొంచెం సేపే. మీ అత్తిబెలె బస్సు నూరు మీద పోతదని మీటర్ల ఉంటది. సిల్క్ బోర్డ్ కాడ ట్రాఫిక్‌ల పోతదా?"

"పోదు."

"గంతే."

మర్నాడు ఆమె మళ్ళీ అడిగింది. "అయితే మిగిలిండే వేగము యాడికి పోతాది సార్?"

అతడు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆపి, కిటికీ వైపు చూస్తూ నిజంగానే ఆలోచించాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "యాడికీ పోదక్కా. అసలు పుట్టనే పుట్టదు. ఉరికితే వేడైతది, వేడైతే కాలిపోతనేమోనని అదే కాళ్ళు దగ్గరికి తీసుకుంటది. నువ్వు పెట్టే పేస్టు గా వేడిని బయటికి పంపేటందుకే. పేస్టు మంచిగుంటే ఇంకొంచెం సేపు ఉరుకుతది."

ఆ జవాబును ఆమె చాలా రోజులు మనసులో తిప్పుకుంటూ తిరిగింది. అందులోని విషయం ఒక కారణం. తన ప్రశ్న విని ఒక మనిషి ఆగి ఆలోచించడం రెండో కారణం. అలాంటిది ఆమెకు అంతకుముందు జరిగినట్టు గుర్తు లేదు. అప్పటినుంచి వారానికొక ప్రశ్న దాచుకుని తెచ్చేది. ఫ్యాను రెక్కలు వంకరగా ఎందుకుంటాయి? రాగి గొట్టంలో ఏముంటుంది? కౌశల్ కొన్నిటికి వెంటనే చెప్పేవాడు, కొన్నిటికి "తెల్వదు, రేపు చెప్త" అని నిజంగానే మర్నాడు చెప్పేవాడు.

ఆ రోజు పదింటికి కౌశల్ రెండు ట్రాలీలు తోయించుకుంటూ వచ్చాడు. నిండా పెట్టెలు.

"అరవై వెనక్కి వచ్చినయక్కా."

"యాల సార్?"

"స్లో అంట. కాడుగోడిల ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు కొన్నరు కద. పిల్లలు ఒక ఫైల్ నొక్కి, బయటికి పోయి చాయ్ తాగొస్తే అప్పుడు తెరుచుకుంటుందంట. బ్యాటరీ గూడ ఎక్కుతలేదని రాసిన్రు, అవి పాత బ్యాటరీలే కద, దాని సంగతి తర్వాత." అతడు గొంతు సవరించుకున్నాడు. ఆమె మొహం వైపు కాక చేతుల వైపు చూస్తూ మాట్లాడాడు. "ఓనర్ దామోదర్ సార్ నాలుగింటికి వస్తుండు. పేస్టు సరిగ్గ పెట్టలేదంటుండు. నేను గూడ రిపోర్టుల అదే రాసిన. అరవైకి అరవై స్లో అంటే ఇంకేముంటది."

"పేస్టంటే నేనే కదా."

"అవును." ట్రాలీని గోడవైపు జరిపాడు. "అదే ఖాయమైతే సోమవారం సంది రావద్దని చెప్పమన్నడు."

అక్కయమ్మ తన గోళ్ళ వైపు చూసుకుంది. ముందుగా ఆమెకు భయం కలగలేదు. ముందు కలిగింది ఆశ్చర్యమే. అరవై సార్లు ఒకే తప్పు చేసిన చెయ్యి, ఒక్కసారైనా ఆమెకు చెప్పి ఉండదా? భయం తర్వాత వచ్చింది, కుర్చీ గుర్తొచ్చాక. నలభై తొమ్మిదేళ్ళకు మళ్ళీ ఇస్త్రీ బల్ల ముందు నిలబడటానికి మోకాళ్ళు ఒప్పుకోవు. ఆ మాట మోకాళ్ళు ఎప్పుడో చెప్పాయి.

ఆమె ఒక పెట్టె విప్పి యంత్రాన్ని బల్ల మీద పెట్టింది. ఛార్జర్ గుచ్చింది. 4.1. అర నిమిషం. 2.7. ఇంకొకటి పెట్టింది. 4.1, 2.7. అయిదింటిని పెట్టి చూసింది. ఆరోదాన్ని విప్పి పేస్టు చూసింది. రేకు కింద అంచుల దాకా పలచగా, సమంగా పరుచుకుని ఉంది.

పక్క బల్ల మీద సాఫ్ట్‌వేర్ ఎక్కించే స్పందన ఇదంతా చూస్తూనే ఉంది. ఆనేకల్ పిల్ల. నోట్లో ఎప్పుడూ యాలక్కాయ.

"అన్నీ బాగుండాయి కదక్కా. వాళ్ళే సుమ్నే, ఊరికే, వాపస్ పంపిండారు. నువ్వెందుకు తల చెడుపుకుంటావు?"

"అరవై మంది సుమ్నే పంపుతారా? వాళ్ళకీ కండ్లుండాయి కదా తల్లీ."

"కండ్లుంటాయి. బుద్ధి ఉండాలని ఏముంది?"

అక్కయమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ఆ సెంటర్లో ఈ యంత్రాలు తన బల్ల మీద ఉండవు. అక్కడ అవి ఎలా ఉంటాయో అలాగే ఉంచి చూడాలనిపించింది. ఇంకో పెట్టె తీసుకుని, అందులో ఉన్నవన్నీ ఉన్నట్టే పట్టుకుని, అందరూ అన్నం తినే గదిలోకి వెళ్ళింది. చెక్కబల్ల మీద పెట్టి, పెట్టెలో వచ్చిన ఛార్జర్‌నే గోడకు తగిలించి అదే పరీక్ష మొదలుపెట్టింది.

0.8.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. 0.8. పైకి లేవలేదు, కిందికి దిగలేదు. పరుగెత్తి అలిసిపోయి ఆగినట్టు లేదు. అసలు లేచినట్టే లేదు.

అలవాటుగా వేళ్ళ వెనక భాగాన్ని యంత్రం కింద, గాలి బయటికొచ్చే సందు దగ్గర ఆనించింది. తొమ్మిదేళ్ళు ఇస్త్రీపెట్టెల దగ్గర నేర్చిన చెయ్యి అది. నూలుకు తగిన వేడి ఏదో, పాలిస్టర్‌ను ముడుచుకుపోయేలా చేసే వేడి ఏదో అంగుళం దూరం నుంచే చెప్పగలదు. ఇప్పుడు ఆ చేతికి ఏమీ తగల్లేదు. మూత చల్లగా ఉంది. చెక్కబల్ల ఎంత చల్లగా ఉందో అంతే.

ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు. పేస్టు చెడితే వేడెక్కుతుంది. వేడెక్కితే నిదానిస్తుంది. అది ఆమెకు తెలుసు, కౌశల్ చెప్పాడు, తను రోజూ చూసింది. ఇది వేడెక్కకుండానే నిదానించింది. ఏ దెబ్బా తగలక ముందే ఒళ్ళు దగ్గరికి తీసుకున్న మనిషిలా ఉంది. దేన్ని చూసి?

భోజనాల గంట కొట్టారు. టిఫిన్ డబ్బా పెట్టుకోవడానికి చోటు చేద్దామని యంత్రాన్ని పక్కకు జరపబోయింది. తీగ అడ్డం వచ్చింది. ఛార్జర్ ఊడబెరికింది.

2.9.

అక్కయమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. తీగ మళ్ళీ గుచ్చింది. 0.8. తీసింది. 2.9. చుట్టూ జనం చేరుతున్నారు, ఎవరో చారు వాసన పట్టుకుని వెక్కిరిస్తున్నారు, ఆమెకు వినబడలేదు. బయటినుంచి కరెంటు ఇస్తే ముడుచుకుంటున్నది. ఇవ్వడం మానేస్తే లేచి నడుస్తున్నది. ఇదెక్కడి గుణం?

రాగి సంగటి తుంచి నోట్లో పెట్టుకుంది. సంగటి తనే చేసుకుంది, తెల్లవారుజామున, అందరూ లేవకముందు. అత్తిబెలెలో తమ్ముడు మునీంద్ర ఇంట్లో ఆమె ఉండబట్టి ఇరవై మూడేళ్ళు. పెళ్ళైన నాలుగో ఏట భర్త హోసూరు వైపు పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాక, ఒక ట్రంకు పెట్టెతో వచ్చింది. తమ్ముడు మంచివాడు. మరదలు ఆశ ఇంకా మంచిది. ఒక్క మాట అని ఎరగరు. ఆమెకు కడుపునిండా తిండి ఉంది. అయినా ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచేముందు ఆమె చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. టీవీ చూస్తున్నప్పుడు నవ్వొస్తే, మిగతావాళ్ళు నవ్వేదాకా ఆగి నవ్వుతుంది. గార్మెంట్స్‌లో గంటకు నలభై చొక్కాలు తీసిన మనిషిని ఆ ఇంట్లో అందరూ "అక్కకు నిదానం" అంటారు. ప్రేమగానే అంటారు. తను నిదానమైన మనిషినేనని ఆమె కూడా ఎప్పుడో నమ్మింది.

సంగటి సగంలో మూతపెట్టి లేచింది.

బల్లకు కట్టిన ఛార్జర్‌నూ, పెట్టెలోని ఛార్జర్‌నూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ నలుపే, రెంటి మూతీ ఒక్కలాగే ఉంది, రెంటి లోపలా నడుమ సూది ఉంది. రెండూ ఇచ్చే కరెంటు ఒకటేనని వాటి మీద రాసి ఉంది. ఒకటి ఆ యంత్రాన్ని చేసిన కంపెనీదే. రెండోది ఈ మధ్య కొత్తగా వచ్చిన రకం, పేరు తెలియనిది.

"ఇవి ఎప్పటినుంచి పెడతా ఉండాము తల్లీ?" అని స్పందనను అడిగింది.

"దసరా అయినాక. వచ్చిన దినము ఏం గలాటానో. ఏ మిషన్ ఆన్ చేసినా ఇంత పొడుగు ఇంగ్లీషు వస్తా ఉండె, ఏదైనా కీ నొక్కేదాకా ముందుకు పోకుండె. ఆమీద సెట్టింగ్స్‌లో ఆపేసిరి."

"ఏమని వస్తా ఉండె?"

"ఎవరు చదివినారక్కా? నొక్కినాము, పోయినాము."

ఆ సెట్టింగ్స్‌కు తాళం మాట, పాస్‌వర్డ్, ఒకటుంది, అది కౌశల్ దగ్గరే ఉంటుంది. అక్కయమ్మ యంత్రాన్ని గుండెకు హత్తుకుని అతడి బల్ల దగ్గరికి వెళ్ళింది. మూడు గంటలైంది. ఆమెకు తెలియకుండానే గొంతు పెద్దదైంది.

"సార్, ఇది చల్లగా ఉండాది! చెయ్యి పెట్టి చూడండి. కరెంటు తీస్తే పరిగెత్తుతాది, పెడితే పండుకుంటాది. మన బల్ల ఛార్జరయితే బాగుండాది. దీనికేదో చెప్పేది ఉండాదంట, ఆపేసినారంట. ఆ మాటేదో చూద్దాం సార్."

కౌశల్ ఆమెను చూశాడు. ఆమె అంత వేగంగా మాట్లాడటం అతడు ఎప్పుడూ వినలేదు. యంత్రాన్ని తన వైపు తిప్పుకున్నాడు. తాళం మాట కొట్టాడు. జాబితాలో కిందికి దిగుతున్న వేలు ఒక చోట ఆగింది. అక్కడ ఒక చిన్న గడి. అందులో టిక్కు లేదు. దాన్ని పెట్టి, యంత్రాన్ని ఆపి మళ్ళీ వెలిగించాడు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మూడు వరుసలు వచ్చాయి.

అక్కయమ్మ పదో తరగతి కన్నడంలో చదివి, ఇంగ్లీషు ఒక్కటే తప్పింది. ఇప్పటికీ ఇంగ్లీషును అక్షరమక్షరం పట్టుకుని నడుస్తుంది. తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి, పైకే చదివింది. మొదటి వరుసకు నిమిషం పట్టింది. ఈ అడాప్టర్ ఏదో గుర్తుపట్టలేకపోతున్నాను. రెండో వరుస. బ్యాటరీ ఎక్కకపోవచ్చు. ఆ దగ్గర కౌశల్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె గమనించలేదు. మూడో వరుసలో పెద్ద మాటొకటి అడ్డం పడింది. దాన్ని మూడు ముక్కలు చేసుకుని దాటింది.

"సిస్టం... విల్... రె... డ్యూస్... స్పీడ్." తలెత్తింది. "రెడ్యూస్ అంటే తగ్గించేది కదా సార్? అదే తగ్గించుకుంటానని చెప్తా ఉండాది! ఎవరిదో తెలీని కరెంటని భయపడి, నిదానంగా పోతానని ముందే చెప్పింది!"

ఆమె మొహం వెలిగిపోతున్నది. అప్పుడు కౌశల్ మొహం చూసింది.

అతడు తెర వైపే చూస్తున్నాడు. చేతివేలు ఒకటి ఆ కీ మీద ఉంది, నొక్కకుండా. ఎంత వేగంగా నొక్కి ఉంటాడో ఆ రోజు. మొదటి వరుసలో సగం చూసి ఉంటాడు. ఈ ఛార్జర్లను వెతికి తెప్పించింది కూడా అతడేనని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. కొత్తవి దొరికాయని సంబరంగా తనకే మొదట చూపించాడు.

"నేను చదవలేదక్కా," అన్నాడు. "మొత్తం చదవలేదు."

ఇద్దరికీ తెలిసింది. ఆ గడిలో టిక్కు మళ్ళీ తీసేస్తే ఇది ఉన్నట్టు ఎవరికీ తెలియదు. రిపోర్టులో పేస్టు అనే రాసి ఉంది.

అక్కయమ్మ నోట్లో ఒక మాట తయారైంది. 'పోనీలే సార్, పేస్టే అనుకుందాము.' అది ఆమె తయారుచేసిన మాట కాదు. ఇరవై మూడేళ్ళుగా అలాంటి సమయాల్లో దానంతటది వచ్చి నాలుక మీద కూర్చునే మాట. ఎవరూ అడగకముందే పక్కకు జరిగే మాట. ఆమె దాన్ని నోట్లోనే ఉంచుకుని, విచిత్రంగా చూసుకుంది. ఎవరు చెప్పమన్నారు దీన్ని? కౌశల్ అడగలేదు. అతడు తలొంచుకుని కూర్చున్నాడు, అంతే. ఆమె ఆ మాట మింగేసి, యంత్రాన్ని తీసుకుని తన బల్ల దగ్గరికి పోయింది. కొత్త ఛార్జర్ గుచ్చి పెట్టింది. 0.8 దగ్గర దాన్ని నడవనిచ్చింది.

దామోదర్ నాలుగుకు అయిదు నిమిషాల ముందే వచ్చాడు. యాభై దాటిన మనిషి. అత్తరు వాసన ముందు వచ్చింది, తర్వాత కారు తాళాల చప్పుడు, తర్వాత ఆయన.

"ఏం కౌశల్, తేలిందా? పేస్టేనా?"

కౌశల్ లేచి నిలబడ్డాడు. నోరు తెరిచి గొంతు సవరించుకున్నాడు. దామోదర్ ఆగలేదు. ఆయన అక్కయమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, మూడేళ్ళ నుంచి చేస్తున్నావు గదా, ఇదేం పని?"

"ఒకసారి ఇక్కడ చెయ్యి పెట్టండి సార్," అంది అక్కయమ్మ.

"నేనెందుకు?"

"అరగంట నుంచి నడస్తా ఉండాది సార్. పెట్టి చూడండి."

ఆయన విసుగ్గానే ఉంగరాల చెయ్యి చాపి యంత్రం కింద పెట్టాడు. "చల్లగా ఉంది. అయితే?"

"పేస్టు తప్పుంటే మీరు అక్కడ చెయ్యి పెట్టలేరు సార్."

దామోదర్‌కు అర్థం కాలేదు. అర్థం చెప్పమన్నట్టు కౌశల్‌ను చూశాడు. స్పందన నోట్లో యాలక్కాయ కదలడం ఆగింది.

"పేస్టు కాదు సార్," అన్నాడు కౌశల్. మొదలుపెట్టాక గొంతు మామూలుగానే ఉంది. "అడాప్టర్లు. నేను తెప్పించినయి. మెషీన్ మొదటి రోజే చెప్పింది. నేనే చదవకుండ మెసేజ్ ఆపేసిన. అక్క పనిల తప్పేం లేదు."

"లోపలికి రా," అన్నాడు దామోదర్.

అద్దాల గదిలో ఆయన చేతులు కదులుతూ కనిపించాయి. కౌశల్ తల ఊపుతూ కనిపించాడు. ఇరవై నిమిషాల తర్వాత దామోదర్ బయటికొచ్చి, పోతూ పోతూ, "సోమవారం మామూలుగా వచ్చెయ్ అమ్మా. ఈ అరవైకీ పాత రకం ఛార్జర్లు వస్తాయి, నువ్వే దగ్గరుండి పరీక్ష చేయించు," అన్నాడు. అక్కయమ్మ తలూపింది. కుర్చీ పోలేదు. దాంతో హాయి వస్తుందనుకుంది. రాలేదు.

కౌశల్ వీపుకు బ్యాగు తగిలించుకుని వచ్చాడు.

"యాడికి సార్?"

"సోమవారం సంది నన్నే రావద్దన్నడు. ఫస్ట్ అయితే రూముకక్కా. తర్వాత చూద్దం." అతడు నవ్వాడు. "అట్ల చూడకు. నేను మస్తు స్పీడుగ పోతున్న కద, ఎక్కడో ఒక్క కాడ ఆగాలె."

ఆమెకు ఏదో అనాలని ఉంది. క్షమించమనా? ఆమె తప్పేమీ చేయలేదు. అతడు అక్కడ నిలబడి ఉండగానే దేన్నయినా అందుకోవాలన్న తొందరలో, ఆమెకు దొరికింది మళ్ళీ ఒక ప్రశ్నే.

"సార్, ఒకటి చెప్పి పోండి. గోడనుంచి వచ్చేదాన్ని నమ్మలేదు, సరే. బ్యాటరీ మింద మాత్రం ధైర్యంగా పరిగెత్తె కదా. దాన్ని ఎట్ల నమ్మింది?"

కౌశల్ ఆగాడు. కిటికీ వైపు చూశాడు. ఎప్పటిలాగే, నిజంగా ఆలోచించాడు.

"అది దానిదే కద అక్కా," అన్నాడు.

తలుపు దగ్గర వంగి ఏదో సర్దుకుని, వెళ్ళిపోయాడు.

అక్కయమ్మ పన్నెండో యంత్రం మూత తీసింది. పాత పేస్టు తుడిచింది. గుడ్డను ఒకే వైపుకు లాగుతూ ఉంటే, ఆ జవాబు మళ్ళీ మళ్ళీ చేతికి తగులుతున్నది. అయిదున్నరకు బెల్లు మోగింది. స్పందన సంచీ భుజాన వేసుకుని, "బస్ పోతాదక్కా, బేగ రా," అంది. "పో తల్లీ, వస్తాను," అంది గానీ అక్కయమ్మ లేవలేదు. లైట్లు ఒక్కో వరుసా ఆరుతున్నాయి. తన బల్ల మీద ఉన్నది మాత్రం వెలుగుతూ ఉంది. పన్నెండోదాని చివరి మర బిగించి లేచింది.

తలుపు పక్కన చెక్క అర ఉంది. లోపల తిరిగేటప్పుడు యంత్రాలకు ఒంటి కరెంటు తగలకుండా అందరూ తొడుక్కునే నీలం చెప్పులు అందులో పెట్టి, ఎవరి చెప్పులు వాళ్ళు వేసుకుని బయటికి పోతారు. తన జత అరలో పెట్టి తిరిగేసరికి కాలికి ఏదో తగిలింది. నేల మీదే, విడిచిన చోటే, కౌశల్ జత ఉంది. ఆమె వంగి తీసి అరలో పెట్టబోయి ఆగింది. రెండు చెప్పులు, ఒకటి నిలువుగా, ఒకటి పక్కకు ఒరిగి; మడమల దగ్గర బయటి వైపు మాత్రమే అరిగి, పట్టీ మీద మార్కర్‌తో రాసిన పేరులో రెండక్షరాలు చెరిగిపోయి.